గాలాడే గోడ

మాఘం దాటి ఎండ ముదిరేసరికి వినుకొండ చుట్టుపట్ల కల్లాలన్నీ ఎర్రబడతాయి. ఆరబోసిన మిరపకాయ మధ్య ఆడవాళ్లు వరుసగా కూర్చుని తాలుకాయలు ఏరేస్తుంటారు. గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలమనాలి. అయితే మిట్టమధ్యాహ్నం పెళుసెక్కిన కాయను గోతాంలో తొక్కితే పొడైపోతుంది కాబట్టి చల్లవేళ చూసి ఎత్తుతారు. ఒకరు గోతాం మూతి పట్టుకుంటారు, ఒకరు కాయ పోస్తారు, ఇంకొకరు కాలితో కుదిస్తారు. దబ్బనంతో మూతి కుట్టాక దాని పేరు టిక్కీ. గుంటూరు యార్డులో లెక్కపెట్టేది ఆ టిక్కీలనే.

ఇన్ని రకాల సంచులు వచ్చినా మిరపకాయకు గోనె గోతాన్నే ఎందుకు వాడతారో ఏ రైతునడిగినా చెబుతాడు. గాలి చొరని సంచిలో కాయకు చెమట పడుతుంది, చెమట పట్టిన కాయకు బూజు పడుతుంది. గోతాం గోడ నిండా సందులే. వాటిలోంచి గాలి వెళ్తుంది, తేమ వెళ్తుంది, ఘాటు కూడా వెళ్తుంది. మిర్చి లారీ వెనకాల బండి నడిపినవాళ్లకు ఆ సంగతి ముక్కుకు తెలుసు. కాయ మాత్రం ఒక్కటి జారదు. సందు ఎంత ఉండాలో నేసినవాడికి తెలుసు.

సరిగ్గా ఇదే లెక్కతో కట్టిన గోతాం ఒకటుంది. దాని అడ్డకొలత మిల్లీమీటరులో వందో వంతు. తల వెంట్రుక మందంలో అలాంటివి ఆరేడు పక్కపక్కన పడతాయి. దాని గోడకు దారం చెట్టు నుంచే వస్తుంది, ఎక్కువసార్లు పత్తి నుంచి. లోపల దాచేది ఇంకా చిన్న కణాలను: వెండి, ఇనుప ఆక్సైడు, మందు బిందువు. శాస్త్రం పుస్తకాల్లో దీన్ని రంధ్రాలున్న మైక్రోక్యాప్సూల్ అంటారు. చేతిపని తెలిసినవాళ్లు చూస్తే, నాకు నమ్మకముంది, దీన్ని నేతపని కిందే జమకడతారు.

నానో అన్న మాట మా రైతుల నోట 2021 నుంచి బాగా నానుతోంది. ఇఫ్కో వాళ్లు అర లీటరు సీసాలో నానో యూరియా తెచ్చిన ఏడాది అది. సీసాలోది తెల్లటి నీళ్లలా ఉంటుంది. చూడ్డానికి ఏమీ లేనిచోట పనితనం ఉందంటే ఎవరికైనా నమ్మడం కష్టమే. అందుకే ఈ గోతాం ఎలా తయారవుతుందో మొదటి నుంచి చూడాలి. మొదలు మన పత్తి చేలోనే ఉంది.

పత్తి గింజ పైపొరలో ఒక్కొక్క కణం పువ్వు పూసిన రోజునే బయటికి సాగడం మొదలుపెడుతుంది. మూడు వారాలు సాగీ సాగీ అంగుళం పొడవవుతుంది. వెడల్పు మాత్రం మిల్లీమీటరులో యాభయ్యో అరవయ్యో వంతు దగ్గరే ఆగిపోతుంది. ఒక పోగంతా ఒకే కణం. మనం కట్టుకునే చీరలో ప్రతి పోగూ ఒక్కో కణమే. సాగడం అయ్యాక లోపలి నుంచి గోడ కట్టుకోవడం మొదలవుతుంది. రోజుకో పొర చొప్పున, పగటి వేడికి ఒక తీరుగా రాత్రి చల్లదనానికి ఒక తీరుగా సెల్యులోజ్ పరుచుకుంటూ పోతుంది. పోగును అడ్డంగా కోసి చూస్తే ఆ పొరలు చెట్టు మానులో వలయాల్లా కనపడతాయి. పగలూ రాత్రీ తేడా లేకుండా ఒకే వేడిలో, ఒకే వెలుతురులో పెంచిన మొక్కల్లో ఆ వలయాలు కనపడవు. అంటే మన పల్నాడు పత్తిలో ప్రతి పోగూ తాను పెరిగిన రోజుల లెక్కను గోడలోనే రాసుకుంటోంది. కాయ పగిలి గాలి తగిలాక ఆ గొట్టం ఎండి, చదునై, మెలికలు తిరుగుతుంది. ఆ మెలికే లేకపోతే పోగు పోగును పట్టుకోదు, నూలు దిగదు.

ఆ గోడ లోపలికి ఇంకా దిగితే, సెల్యులోజ్ గొలుసులు పద్దెనిమిది దాకా కలిసి ఒక కట్టగా పేనుకుంటాయని ఇప్పటి పరిశోధకుల్లో ఎక్కువమంది అంచనా. ఆ కట్ట మందం మూడు నాలుగు నానోమీటర్లు. నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షలో వంతు. దాన్ని పేనే యంత్రం కణపు పొరలో ఆరు రేకల పువ్వులా కూర్చుని ఉంటుంది. ఆ యంత్రాన్ని నడిపే జన్యువును మొక్కల్లో మొట్టమొదట గుర్తుపట్టింది కూడా పత్తి పోగులోనే, 1996లో. సెల్యులోజ్ తయారీలో ఇంత నిమగ్నమైన కణం ఇంకోటి దొరకడం కష్టం కాబట్టే అక్కడ వెతికారు.

ఇక మనిషి పని. జిన్నింగు మిల్లులో దూది లాగేశాక గింజను అంటిపెట్టుకుని పొట్టి నూగు మిగులుతుంది. వాటిని లింటర్లు అంటారు. నూలుకు పనికిరావుగానీ అవీ దాదాపు స్వచ్ఛమైన సెల్యులోజే. 1924లో ముంబైలో మొదలైన కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ, మన నోళ్లలో సిర్కాట్, ఈ లింటర్ల నుంచి నానోసెల్యులోజ్ తీసే పైలట్ ప్లాంటు పెట్టింది. మన పత్తి నాణ్యత చూడడానికి గుంటూరులో కూడా ఆ సంస్థకు ఒక విభాగం ఉంది.

దూదిని నానో ముక్కలుగా విడగొట్టడం స్వీడన్‌లో మొదలైంది. ఉప్సాలాలో బెంగ్ట్ రాన్‌బీ 1949లో సెల్యులోజ్‌ను గంధకామ్లంలో వేసి, నీళ్లలో తేలియాడే సన్నటి పుల్లలు సంపాదించాడు. ఇప్పటికీ ప్రయోగశాలల్లో దాదాపు అదే పద్ధతి: బరువులో 64 శాతం ఆమ్లం, 45 డిగ్రీల వేడి, ముప్పావు గంట. ఈ మూడు అంకెల వెనక ఉన్న నేర్పు నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. పత్తి కట్టలో గొలుసులు కొంతమేర బట్టీలో పేర్చిన ఇటుకల్లా బిగువుగా ఉంటాయి, మధ్యమధ్య వదులుగా చిక్కుపడి ఉంటాయి. ఆమ్లం మొదట ఆ వదులు చోట్లలోకే చొరబడి అక్కడ గొలుసులను తెంపుతుంది. బిగువు భాగం దాన్ని కాసేపు ఓర్చుకుంటుంది. ఆ కాసేపట్లోనే పని ముగియాలి. ముందే ఆపితే దూది దూదిగానే ఉంటుంది. ఆలస్యమైతే బిగువు భాగం కూడా కరిగి చక్కెరై, నల్లబడి పోతుంది. బెల్లం పాకం పట్టేవాళ్లకు ఈ క్షణం విలువ చెప్పక్కర్లేదు. సరైన వేళకు పదింతల చల్లటి నీళ్లు పోసి ఆపుతారు. తర్వాత తిప్పి తేర్చి, ఆమ్లం పూర్తిగా పోయేదాకా రోజుల తరబడి నీళ్లు మారుస్తారు.

మిగిలేవి పుల్లలు. నూరు నుంచి రెండు వందల నానోమీటర్ల పొడవు, అయిదు నుంచి పది నానోమీటర్ల మందం. ఆమ్లం పోతూ పోతూ ప్రతి పుల్ల ఒంటి మీద ఒక గుర్తు వదిలిపోతుంది: సల్ఫేట్ గుంపులు. వాటికి ఋణావేశం ఉంటుంది. కాబట్టి పుల్ల పుల్లను దూరంగా నెడుతుంది, ముద్దకట్టకుండా నీళ్లలో విడివిడిగా తేలుతాయి. ఆ నీళ్లను పలచగా పరిచి ఆరబెడితే రంగు అనేది ఏమీ కలపకుండానే నెమలి ఈకలో కనపడే మెరుపు వస్తుంది. కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు 1992లో దీని కారణం పట్టుకున్నారు. పుల్లలు వరుస మీద వరుస కొద్దికొద్దిగా తిరుగుతూ మెట్లమెట్లుగా పేర్చుకుంటాయి. ఇది మన విషయానికి పక్కదారే. అయినా దూదిలో నెమలి దాగి ఉందన్న సంగతి తెలిసీ చెప్పకుండా దాటిపోవడం నాకు చేతకాలేదు.

పుల్లలతో గోతాం కట్టడానికి ఒక అచ్చు కావాలి. కుమ్మరికి సారె, మేదరికి మోకాలు ఉన్నట్టు ఇక్కడ అచ్చు ఒక నూనె బొట్టు. నీళ్లూ నూనే కలిపి గట్టిగా చిలికితే నూనె చిన్న చిన్న బొట్లుగా విడిపోతుంది, వదిలేస్తే మళ్లీ కలిసిపోతుంది. పాలల్లో కొవ్వు బొట్లు అలా కలవకపోవడానికి కారణం ప్రతి బొట్టు చుట్టూ ఉన్న పలుచటి తొడుగు. కవ్వం పని ఆ తొడుగు చింపడమే. చిరిగాక వెన్న ముద్దకడుతుంది. ఇంగ్లండులో 1903లో రామ్స్‌డెన్, 1907లో పికరింగ్ ఇంకో సంగతి చూపించారు: సబ్బు లేకుండా, సన్నటి ఘనపదార్థపు రేణువులు కూడా బొట్టు చుట్టూ చేరి ఆ తొడుగు కాగలవు. నూనెకూ నీళ్లకూ మధ్య హద్దు మీద ఒకసారి కూర్చున్న రేణువు ఇక లేవదు. పది నానోమీటర్ల అర్ధవ్యాసమున్న రేణువునైనా అక్కడి నుంచి పీకాలంటే గది వేడికి అణువులు ఊగే శక్తికి వేల రెట్లు కావాలి. అంటే అది తనంతట తాను లేచిపోదు.

ఇక్కడ నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం వస్తుంది. ఫ్రాన్సులో నాంత్ నగరంలో ఇసాబెల్ కప్రాన్ బృందం 2011, 2012లలో సెల్యులోజ్ పుల్లలతో ఈ పని చేయబోయింది. గంధకామ్లంలో తయారైన పత్తి పుల్లలు నూనె బొట్టు మీద కూర్చోవడానికి ఒప్పుకోలేదు. నీళ్లలో వాటిని విడివిడిగా నిలబెట్టిన ఆవేశమే ఇక్కడ అడ్డం తిరిగింది. పుల్ల ఒంటి మీద చదరపు నానోమీటరుకు 0.03 ఆవేశం దాటితే ఇక తొడుగు కట్టదని లెక్క తేల్చారు. పరిష్కారం చూస్తే మనసు నిండుతుంది. ఉప్పు. కొద్దిగా ఉప్పు కలిపితే ఆ ఆవేశాలు ఒకదానికొకటి కనపడకుండా మాసిపోతాయి, పుల్లలు దగ్గరకొచ్చి బొట్టు మీద సర్దుకుంటాయి. పుల్లకు నాలుగు పక్కలూ ఒకేలా ఉండవని కూడా అప్పుడే తేలింది. నీళ్లను ఇష్టపడే పక్కలతో పాటు నూనె వైపు తిరగడానికి ఒప్పుకునే పక్క ఒకటుంది. ఆ పక్కను నూనెకు ఆనించి, మిగతా ఒంటిని నీళ్లలో ఉంచుకుని పడుకుంటుంది. ఎవరూ తిప్పి పెట్టరు. మేదరి చేతిలో వెదురు బద్దకు ఏ పక్క బయటికి రావాలో మేదరి చూసుకుంటాడు. ఇక్కడ బద్దే చూసుకుంటుంది.

ఇప్పుడు గోడ వచ్చింది. అసలు పనితనం మాత్రం గోడలో కంటే దాని సందుల్లో ఉంది.

బల్ల మీద మూడు రూపాయి బిళ్లలు ఒకదానికొకటి ఆనించి పెట్టండి. మధ్యలో మూడు మూలల సందు కనపడుతుంది. దానిలో పట్టే పెద్ద గుండ్రం ఎంతో బడిలో నేర్చిన జ్యామితితోనే కట్టొచ్చు: బిళ్ల వ్యాసంలో 0.155 వంతు. బిళ్లలకు బదులు నూరు నానోమీటర్ల గుండ్లు పేర్చినా ఇదే వంతు. సందు పదిహేను నానోమీటర్లు. గుండు పెద్దదైతే సందు పెద్దది, గుండు చిన్నదైతే సందు చిన్నది. అంటే సందు కావలసినంత రావాలంటే సూదితో పొడవాల్సిన పని లేదు, గుండు ఎంచుకుంటే చాలు. 2002లో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ వైట్జ్ బృందం ప్లాస్టిక్ గుండ్లతో ఇలాంటి బోలు బంతులు చేసి వాటికి కొలాయిడోసోమ్ అని పేరు పెట్టింది. గుండ్లను పేర్చాక కొంచెం వేడి చూపించి ఒకదానికొకటి అతికించారు. వేడి ఎంతసేపు చూపిస్తే సందులు అంత కుంచించుకుపోతాయి. అదొక రెండో జల్లెడ. మొదట గుండు ఎంపికతో సందు, తర్వాత వేడితో ఆ సందుకు సవరణ.

పత్తి పుల్లలు గుండ్లలా తిన్నగా పేర్చుకోవు. నేల మీద పారబోసిన కందికట్టెల్లా అడ్డదిడ్డంగా పడతాయి. సందులూ అలాగే, కొన్ని వెడల్పు, కొన్ని ఇరుకు. గుండ్ల లెక్క ఇక్కడ సరిగ్గా కుదరదు. అయినా చేయి చేసుకునే మార్గాలు చాలా ఉన్నాయి. పుల్లలు ఎక్కువ కలిపితే పొర మందమై సందులు ఇరుకవుతాయి. పొడవు పుల్లలు వాడితే అల్లిక వదులవుతుంది. ఉప్పు పాళ్లు మారిస్తే సాంద్రత మారుతుంది. ఈ అడ్డదిడ్డంలోనే ఒక లాభం కూడా ఉంది. గుండ్లు ఒకదాన్నొకటి ఒక్క బిందువు దగ్గరే తాకుతాయి, పుల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఎన్నో చోట్ల పెనవేసుకుంటాయి. ఈతాకు చాపలా వంగినా విరగదు.

పేర్చిన పుల్లలకు తాళం వేయాలి కదా, లేకపోతే లోపలి నూనె తీసేసరికి గోడ కూలుతుంది. ఈ దబ్బనం కుట్టుకు ఎన్నో దారులున్నాయి. నాకు నచ్చింది ఆవేశాలతో కుట్టడం. పుల్లలది ఋణావేశం కాబట్టి ధనావేశమున్న పదార్థం పైన పోస్తే అది గట్టిగా అంటుకుంటుంది, దాని మీద మళ్లీ పుల్లల పొర, మళ్లీ అది. 1998లో జర్మనీలో ఇలా పొర మీద పొర వేసి బోలు గుళికలు చేయడం చూపించారు. ధనావేశానికి ఎక్కువగా వాడేది కైటోసాన్, రొయ్య పొట్టు నుంచి తీస్తారు. దేశంలో రొయ్య పండించడంలో మన రాష్ట్రానిదే మొదటి పీట. రొయ్య పొట్టులోనూ పత్తిలోనూ గొలుసు దాదాపు ఒకటే అన్నది నన్ను వదలని ఆశ్చర్యం. పత్తి గొలుసులో ప్రతి కడియం దగ్గరా ఒకచోట ఆక్సిజన్–హైడ్రోజన్ జంట ఉంటే, కైటోసాన్‌లో అదే చోట నైట్రోజన్ ఉన్న చిన్న గుంపు ఉంటుంది. ఒక్క మార్పు. దానితోనే కైటోసాన్‌కు ధనావేశం వచ్చి, అన్నదమ్ముల్లాంటి రెండు గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

తాళం పడ్డాక ఆల్కహాలుతో కడిగితే నూనె ఆ సందుల్లోంచే కరిగి బయటికి పోతుంది. లోపల ఖాళీ. దాచవలసిన కణాలను మొదటే నూనెలో కలిపి ఉంటే అవి లోపలే మిగిలిపోతాయి, సందు వాటికి సరిపోదు.

ఆరబెట్టడం దగ్గర చాలా గోతాలు పాడవుతాయి. నీటిబొట్టు ఆరుతూ కుంచించుకుపోయేటప్పుడు దాని పైపొర లోపలి గోడలను తనతో లాక్కుపోతుంది. వేడిగాలిలో చిమ్మి ఆరబెట్టిన గుళికను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే అచ్చం మన ఎండుమిరపకాయే. ముడతలు, గుంటలు, లోపలికి నొక్కుకుపోయిన చెక్కిళ్లు. కొన్ని పనులకు అదీ చాలు. గుండ్రంగా, బోలుగా నిలవాలంటే మాత్రం నీళ్లను మెల్లగా మార్చుకుంటూ పోవాలి. ముందు నీళ్లకు బదులు ఆల్కహాలు, తర్వాత ఆల్కహాలుకు బదులు ద్రవ కార్బన్ డయాక్సైడు. దాన్ని 31 డిగ్రీలు, గాలి పీడనానికి డెబ్భై మూడు రెట్లు దాటించి వదిలితే ద్రవానికీ గాలికీ మధ్య హద్దే ఉండదు. హద్దు లేనిచోట లాగే పైపొర ఉండదు. 1931లో అమెరికాలో కిస్ట్లర్ ఈ కిటుకుతో జిగట ముద్దలను కూలకుండా ఆరబెట్టినప్పుడు, వాడిన పదార్థాల్లో సెల్యులోజ్ కూడా ఉంది. వేడి మాటకొస్తే వినుకొండలో ఎండాకాలం పొద్దున తొమ్మిదింటికే ఆ 31 దాటిపోతుంది. కష్టమంతా పీడనం దగ్గరే.

మా ఊరికి పడమట నల్లమల మొదలవుతుంది. ఈ విద్యలో ఆ అడవికీ ఒక చోటుంది. మైక్రోక్యాప్సూల్ మొదట బజారుకొచ్చింది 1950లలో, అమెరికాలో, కార్బన్ కాగితం అక్కర్లేని నకలు కాగితంగా. జిలాటిన్ కలిపి ఆ గుళికల గోడకు వాడింది తుమ్మ జాతి చెట్ల బంక. బంక చెట్టుకైన గాయం నుంచి కారి గట్టిపడేది. నల్లమలలో తపసి చెట్టు బంక, కొండగోగు చెట్టు బంక దొరుకుతాయి. చెంచుల్లాంటి గిరిజనులు తెచ్చిన అటవీ సరుకు కొని అమ్మేందుకు గిరిజన సహకార సంస్థ 1956 నుంచి పనిచేస్తోంది. కొండగోగు ఆకురాల్చి మోడై ఉన్నప్పుడు పసుపు పువ్వులు విరగపూస్తుంది. దాని గింజ చుట్టూ దూదిలాంటి నూగు ఉంటుంది. అందుకే వృక్షశాస్త్రంలో దాని పాత పేరులో గాసిపియం అన్న మాట చేరింది, అది పత్తి పేరు. మైదానంలో పత్తీ కొండ మీద ఈ పత్తీ.

ఈ బంక మీద హైదరాబాద్‌లో చాలా పని జరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ జీవరసాయన శాఖలో ఆర్.బి. శశిధర్, ఆయనతో పనిచేసినవాళ్లు దీని నిర్మాణం, తిండికి పనికొచ్చే తీరు, లోహాలను పట్టే గుణం ఏళ్ల తరబడి పరిశీలించారు. 2009లో కొండగోగు బంకనూ కైటోసాన్‌నూ కలిపి, రెండు వ్యతిరేక ఆవేశాల బిగువుతో ఏర్పడే గూట్లో డైక్లోఫెనాక్ మందును మోయించే ప్రయోగం వెలువడింది. 2010లో అరుణజ్యోతి కోరా, శశిధర్ తదితరులు వెండి కణాల పని చూపించారు. బంక నీళ్లలో వెండి లవణం కలిపి ఆటోక్లేవ్‌లో వేడి చేస్తే వెండి నానోకణాలు పుట్టుకొస్తాయి. వేరే రసాయనం అక్కర్లేదు. వెండిని కణంగా మార్చేదీ బంకే, ఆ కణం చుట్టూ చేరి ముద్దకట్టకుండా పట్టేదీ బంకే. కమ్మరీ, కంసాలీ, కాపలాదారూ ఒక్కరే అయినట్టు. ఆ బంక చక్కెరల్లో ఆమ్లపు గుంపులు ఎక్కువ. లోహాలను పట్టే చెయ్యి అదే. నల్లమల రాళ్ల మీద ఎండకు పెళుసెక్కిన ఆ బంక ఉండను చేతిలోకి తీసుకుంటే ఇదంతా లోపల ఉందని తోచదు.

ఇంతకీ చిన్న కణాన్ని గోతాంలో పెట్టి కట్టాల్సినంత అవసరం ఏమిటి? దీనికి జవాబు మాకు దక్షిణాన, దర్శి, పొదిలి నీళ్లలో ఉంది. ఎముకలను వంచే ఫ్లోరైడ్ జబ్బును మన దేశంలో మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో భాగమైన ఈ ఊళ్ల నుంచే. ఆ పల్లెల్లో పళ్ల మీద గారను చూసి ఏ ఊరి నీళ్లు తాగి పెరిగారో చెప్పే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే ఒకటిన్నర వరకు. అల్యూమినియం సమ్మేళనాలు ఫ్లోరైడ్‌ను పట్టుకుంటాయని ఎప్పటి నుంచో తెలుసు. పటికా సున్నమూ కలిపి తేర్చే నల్గొండ పద్ధతికి ఆధారం అదే. కణం ఎంత చిన్నదైతే బయటి ఒళ్లు అంత ఎక్కువ, అంత ఎక్కువ పడుతుంది. కానీ అంత చిన్న కణం నీళ్లలోనే ఉండిపోతుంది. వడగడితే ఆగదు, వదిలేస్తే కడుపులోకి పోతుంది. పనికొచ్చే చిన్నదనమే చిక్కు తెచ్చిపెడుతుంది.

ఐఐటీ మద్రాసులో టి. ప్రదీప్ బృందం 2013లో ప్రచురించిన పనిలో జవాబు ఒక పంజరం. కైటోసాన్ గొలుసులూ అల్యూమినియం ఆక్సీహైడ్రాక్సైడ్ నానోస్ఫటికాలూ కలిసి గది వేడిలోనే, నీళ్లలోనే ఇసుకలాంటి రవ్వలుగా గట్టిపడతాయి. వాటి లోపల వెండి నానోకణాలు. నీళ్లు లోపలికి వస్తాయి. వెండి కణం బయటికి రాదు, దాని ఒంటి నుంచి రాలే అయాను మాత్రమే వస్తుంది, లీటరుకు 40 మైక్రోగ్రాముల దగ్గర నిలకడగా. సూక్ష్మజీవులకు అది చాలు, మనిషికి అది హాని చేయనంత తక్కువ. అదే బృందం నుంచి 2021లో ఫ్లోరైడ్ కోసం సెల్యులోజ్ ఆధారంగా మూడు పదార్థాలు కలిపిన మిశ్రమం వచ్చింది. దర్శి నీళ్ల జబ్బుకు విరుగుడు వెతుకుతూ దూది దాకా రావడం చూస్తే, పత్తి పండే ఊళ్లలో పుట్టినవాణ్ని కాబట్టి నాకు గర్వంగా ఉంటుంది.

ఇవి నూనె బొట్టు మీద అల్లిన బోలు బంతులు కావు, లోపలి నుంచి బయటి దాకా సందులే ఉన్న రవ్వలు. కానీ న్యాయం గోతాందే. నీళ్లలో ఫ్లోరైడ్ అయాను తన చుట్టూ చేరిన నీటితో కలిపినా ఒక నానోమీటరు లోపే. పదిహేను నానోమీటర్ల సందు దానికి ఊరి రచ్చబండ దారి. లోపలున్న ఇరవై నానోమీటర్ల కణానికి అదే సందు మూసిన తలుపు.

సందు లెక్క తప్పితే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. 1970లలో అమెరికాలో మిథైల్ పారాథియాన్ పురుగుమందును గుళికల్లో పెట్టి అమ్మారు. చల్లే మనిషికి విషం తక్కువగా తగలాలనీ, పైరు మీద ఎక్కువ రోజులు పనిచేయాలనీ ఉద్దేశం. రెండూ నెరవేరాయి. అయితే గుళిక పరిమాణం పుప్పొడి రేణువుతో సరిపోయింది. తేనెటీగలు పుప్పొడితో పాటు దాన్నీ కాళ్లకు అంటించుకుని పట్టుకు మోసుకెళ్లాయి. మెల్లగా విడుదలయ్యే గుణం అక్కడ పిల్ల ఈగల మీద పనిచేసింది. గోడ కొలతా సందు కొలతా ఎంత ముఖ్యమో, బంతి మొత్తం కొలత అంతే ముఖ్యమని ఆ ఈగలు చనిపోయి నేర్పాయి. 2021లో మన మిరప తోటల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడ్డప్పుడు రైతులు ఆగకుండా మందులు కొట్టిన రోజులు గుర్తున్నవాళ్లకు, ఏ మందు ఎంతసేపు ఎక్కడ నిలుస్తుందన్నది పుస్తకాల ప్రశ్న కాదు.

ఇప్పుడు బజారులో ఉన్న పురుగుమందు గుళికల గోడలు ఎక్కువగా ప్లాస్టిక్ జాతివే. మందు అయిపోయాక ఆ పెంకు చేలోనే ఉండిపోతుంది. కావాలని కలిపే సూక్ష్మ ప్లాస్టిక్‌ల మీద యూరోపియన్ యూనియన్ 2023లో నిషేధం తెచ్చింది, పైరు మందుల గుళికలకు మాత్రం ఎనిమిదేళ్ల గడువిచ్చింది. చెట్టు నుంచి వచ్చిన గోడల మీద ఇంత పని జరగడానికి ఇదొక పెద్ద కారణం. సెల్యులోజ్ పెంకును నేలలోని సూక్ష్మజీవులు తినేస్తాయి. అవి కోట్ల ఏళ్లుగా చేస్తున్న పనే అది.

తినేస్తాయి కాబట్టే ఒక మెలిక ఉంది. పైరు మీద చల్లే గుళిక కొన్ని వారాల్లో కుళ్లితే మేలు. కుండలో నీళ్లు వడగట్టే రవ్వ అలా కుళ్లకూడదు, నెలల తరబడి తడిలోనే నిలవాలి. అదే పత్తి, అదే పుల్ల, రెండు పనులకు రెండు రకాల ఆయుష్షు ఇవ్వాలి. తాళం ఎంత గట్టిగా వేస్తే అంత కాలం నిలుస్తుంది. ఆ తాళాన్ని ఎప్పటికి వదులు కానివ్వాలన్నది ఇప్పుడు జరుగుతున్న పనిలో చాలా లోతైన భాగమని నాకనిపిస్తుంది.

మిర్చి గోతాం ఒకటి రెండు పంటలు మోసి, దారాలు వదులయ్యాక కల్లంలో పట్టాగా పరుచుకుంటారు. అదీ చిరిగితే గుమ్మం ముందు కాళ్లు తుడుచుకోవడానికి పడుతుంది. చివరికి పెంటకుప్పలో కలిసి చేనికే వెళ్తుంది. ఫ్లోరైడ్ కడుపునిండా పట్టుకున్న రవ్వను మాత్రం చేనికి పంపలేం. దర్శిలోనో పొదిలిలోనో ఒక ఇంట్లో అది నిండిన రోజున దాన్ని ఎవరు తీసుకెళ్లాలి, ఎక్కడ పెట్టాలి, లోపలున్నది మళ్లీ బావిలోకి దిగకుండా ఆ గోడను ఎలా మూయాలి అన్నవి కూడా నేసేవాడే ముందుగా ఆలోచించాల్సిన కుట్లు.